అరికాలి కింద ఏరు

నేల వణికింది.

కళ్ళు పూర్తిగా తెరవకముందే అరికాళ్ళకు తెలిసింది. మంచం దిగి కాలు మోపగానే గచ్చులోంచి సన్నగా, చల్లగా, ఆగకుండా ఒక వణుకు. కింద వీధిలో బస్సులు. ఒకదాని వెనక ఒకటి. వాన కురిసిన మర్నాడు ఏట్లో దిగితే అడుగున రాళ్ళు కదులుతాయే — అలా.

ఆమె రెండో కాలు కూడా మోపింది.

పట్నం… ఇదే పట్నం.

రాత్రే పెట్టె విప్పేసింది. పెట్టె విప్పకు, మళ్ళీ సర్దడం దండగ, నెల తిరక్కుండా వచ్చేస్తావు అన్నాడు అన్న, బస్సు దాకా కూడా రాకుండా, అరుగు మీంచే. అందుకే విప్పింది. బట్టలు, దువ్వెన, కత్తెర, అమ్మ ఫోటో. గోడకున్న ప్రతి మేకుకూ ఏదో ఒకటి తగిలించింది. తగిలించడానికి ఏమీ మిగలని మేకుకు ఖాళీ సంచి తగిలించింది.

గది చొక్కాల కంపెనీవాళ్ళది. పని ఉంటేనే గది. ఈ రోజు కుట్టి చూపిస్తేనే పని.

కుట్టడం ఆమెకు కొత్తా? ముప్ఫై దాటింది, పదేళ్ళ పిల్లప్పటి నుంచి అన్న ఇంటి అరుగు మీద, అమ్మ వదిలిపోయిన కాలిమిషను మీద, ఊళ్ళో బట్టలన్నీ ఆమే కుట్టింది. బోర్డు మీద పేరు మాత్రం అన్నది. కుట్టినవాళ్ళ పేరు బోర్డు మీద ఎక్కడుంటుంది! చొక్కా మెడలో కూడా ఎవడి పేరో ఉంటుంది.

వీధిలోకి దిగింది.

జనం. గట్టు తెంచుకున్న నీళ్ళలా జనం. బస్సు నడిపే ఆడమనిషి. బూట్లేసుకుని ఆ బస్సు వెంట పరిగెత్తే ముసలావిడ. నడుస్తూనే తినేవాళ్ళు, నడుస్తూనే పోట్లాడుకునేవాళ్ళు. ఎవరి తొందర వాళ్ళది.

ఎదురుగా వస్తున్న ఒకాయన ఆమె వైపు చూశాడు.

"పనికండీ," అంది.

ఆయన అడగనే లేదు. బిత్తరపోయి, వెనక్కి తిరిగి చూసుకుంటూ పోయాడు.

బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అంతే మరి. గడప దాటితే చాలు — ఎక్కడికమ్మా, ఎవరితో, ఎప్పుడొస్తావు. జవాబు నోట్లో పెట్టుకునే తిరిగింది. ఇక్కడ అడిగే దిక్కు లేదు. జవాబు ఒక్కటే మిగిలిపోయింది.

నవ్వొచ్చింది. నడివీధిలో, ఒక్కతే, పైకే నవ్వింది. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

ఎంత బాగుందో.

ఎవరూ పట్టించుకోని చోట పడి చస్తే చూసేదెవరు అని అడిగాడు అన్న. నిజమే. ఇన్నేళ్ళు అరుగు మీద నడుం పడిపోయేలా కుట్టింది. అప్పుడు చూసిందెవరు?

కంపెనీ. పెద్ద హాలు. బారులు బారులుగా మిషన్లు, వాటి మీద వంగిన వీపులు. కిటికీలు మనిషెత్తుకు పైన. బయట కనిపిస్తే చేతులు ఆగుతాయని అలా కట్టారట. కట్టించినవాడు ఒక్క పూట కూడా ఆ కింద కూర్చుని ఉండడు. మంచినీళ్ళకు లేవాలన్నా అడిగి లేవాలి. ఇదంతా ఆమె చూసింది. చూసి మనసులో పెట్టుకుంది.

అయినా గుండె ఎగిరెగిరి పడుతూనే ఉంది. ఆ మోత! అన్ని మిషన్లూ ఒక్కసారి కదిలితే… ఏరు పొంగినట్టే.

సూపర్‌వైజరు ఒక కరెంటు మిషను చూపించి, చొక్కా జేబు ముక్కలు ముందు పడేశాడు.

ఆమె మిషను కింది పలక మీద కాలు పెట్టింది.

మిషను ఉరికింది.

కాలిమిషను అంటే కాలు ఊగాలి. మునివేళ్ళు, మడమ… మునివేళ్ళు, మడమ… ఊగితేనే చక్రం. ఆ కాలు నిద్రలో కూడా ఊగేది. కరెంటు మిషనుకు ఆ ఊపు గిట్టదు. వేళ్ళు ఆనితే పరుగు. మడమ పడితే ఠక్కున ఆగడం. ఉరుకు, ఆగు. ఉరుకు, ఆగు. గుడ్డ ముడతలు పడింది. దారం తెగింది. సూది విరిగింది.

సూపర్‌వైజరు సూదిని చూశాడు. ఆమెను చూడలేదు. ఇలాంటి కాళ్ళు చాలా చూశానన్నాడు.

"భోజనం గంట కొట్టేలోగా ఒక్క జేబు తిన్నగా కుట్టి చూపించమ్మా. లేదంటే పెట్టె సర్దుకో."

పెట్టె. ఇక్కడా పెట్టే.

గోడ మీద మేకులన్నీ కళ్ళ ముందు కదిలాయి. ఖాళీ సంచి మేకు కూడా.

మళ్ళీ కుట్టింది. మళ్ళీ ముడత. వద్దు వద్దంటున్నా కాలు ఊగుతూనే ఉంది. మనిషి పట్నం వచ్చింది గానీ, ఆ కాలు ఇంకా అన్న అరుగు మీదే ఉంది.

పక్క సీట్లో కాలర్లు కుట్టే ఆవిడ — హాలంతా కాలరక్క అనే పిలుస్తుంది — ఓరకంట చూస్తూనే ఉంది. చివరికి తన మిషను ఆపేసింది.

ఒక మనిషి కోసం ఒక మిషను ఆగింది. ఆ హాల్లో అది చిన్న సంగతి కాదు. కాలర్లు గుట్ట పడ్డాయి. వెనక నుంచి సూపర్‌వైజరు కేక కూడా పడింది. కాలరక్కకు వినపడలేదు. వినపడనట్టే ఉంది.

"ఉయ్యాల ఊపుతున్నావేంటే? బిడ్డేదీ?"

వంగి, కింద రాలిన పీలికలు గట్టిగా చుట్టి, కాలి పలక వెనక అంచు కింద కుక్కింది. ఇక మడమ ఎంత నొక్కినా పలక వెనక్కి వాలదు. చెప్పు తీసెయ్యమంది. తన కాలూ మొదట్లో ఇలాగే ఊగేదంది.

"ఏడుపొస్తే సాయంత్రం ఇద్దరం కూర్చుని ఏడుద్దాం. ఇప్పుడు కుట్టు."

చెప్పు తీసింది.

ఉత్త అరికాలు పలక మీద పెట్టింది. వణుకు. పొద్దున్న తగిలిన వణుకే…

ఏరు దాటేటప్పుడు నీళ్ళను తొక్కరు. మడమ ఊనుకుంటారు. వేళ్ళతో వెతుక్కుంటారు. నీళ్ళను పోనిస్తారు.

మడమ ఊనింది. వేళ్ళతో మెల్లగా అడిగింది.

మిషను కదిలింది. కాస్త. ఇంకాస్త.

తిన్నగా.

మూల దగ్గర ఆపి, గుడ్డ తిప్పి, మళ్ళీ వదిలింది. పోయింది! అమ్మ మిషను ఎన్నడూ ఇంత వేగం పోలేదు. ఒళ్ళంతా పులకరించింది. కాలు కాదు, ఈసారి ఊగుతున్నది గుండె.

గంట కొట్టింది.

సూపర్‌వైజరు జేబు తీసుకుని కిటికీ కింద వెలుగులోకి నడిచాడు. కుట్టు లాగి చూశాడు. తిప్పి చూశాడు. ఒక మూల నూలువాసి ఒరిగింది. అది ఆమెకు తెలుసు. ఆయనకు కనిపిస్తుందో లేదో…

కాలరక్క భోజనానికి లేవలేదు. ఆవిడ పక్కన మనిషీ లేవలేదు. ఆ వరసలో ఎవరూ లేవలేదు. ఊరికే కూర్చున్నారు, ఆయన వైపే చూస్తూ.

మిషన్లన్నీ ఆగిపోయాయి. హాలు నిశ్శబ్దం.

ఆమె కాలు పలక మీంచి దించి గచ్చు మీద పెట్టింది.

వణుకు. సన్నగా, చల్లగా, ఆగకుండా… గోడ అవతల వీధిలో బస్సులు.

ఆయన జేబును ఇంకా వెలుగుకు పట్టి చూస్తూనే ఉన్నాడు.

ఆమె ఇంకో జేబు ముక్క తీసుకుని సూది కింద పెట్టింది. మడమ ఊనింది.