సింగపూరుకు చింతపండు

తిరుపతిలో కాపురం ఉండాలంటే పెట్టిపుట్టాలి అంటారు. అనేవాళ్లంతా వేరే ఊళ్లలో ఉంటారు, సెలవులకు మాత్రం మా ఇంట్లో ఉంటారు. మా ఆయన దేవనాథన్ దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. ఏడుకొండల తాళాలూ ఆయన జేబులోనే ఉన్నాయని బంధువుల నమ్మకం. ఆ నమ్మకానికి పొద్దున్నే కాఫీ, ఆపైన ఉప్మా, కొండ దిగి వచ్చాక పులిహోర కావాలి. ఇరవై రెండేళ్లుగా నేనే అందిస్తున్నాను. నా పేరు పద్మాక్షి. ఆ పేరు చాలామందికి తెలియదు, 'తిరుపతి పిన్ని' అంటే సరిపోతుంది.

అందుకే సింగపూరు వెళ్దామన్నాను. విమానం మోజు కాదు. జన్మకోసారి నేనూ చుట్టాన్ని కావాలి. ఎవరో ఒకరు "ఇంకొంచెం వేసుకోండి" అంటే, వద్దు వద్దంటూనే వేయించుకోవాలి. ఆరేళ్లు పోరితే, 1999లో మా ఆయన మెత్తబడ్డారు.

గాంధీ రోడ్డులోని ట్రావెల్స్ ఆఫీసులో ఫారాలు ఇచ్చారు. నింపే పని తనదేనన్నారు మా ఆయన. నా చేతిరాత విదేశాలకు అర్థం కాదట! రెండు రోజులు తలుపు వేసుకుని మరీ నింపి, తానే ఇచ్చి వచ్చారు.

ఆ ఆదివారం సింగపూరు నుంచి ఫోను వచ్చింది. మునిరత్నం. చిత్తూరు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ మా దూరపు చుట్టం, దర్శనానికి వచ్చినప్పుడల్లా కుటుంబంతో మా ఇంట్లోనే దిగుతాడు.

"అక్కా! మా ఇంట్లోనే దిగతారని అన్న చెప్తే నమ్మలేదు పో! ఐదు రోజులూ మాతోనే. మీ పులిహోర గురించి మా బిల్డింగులో అందరికీ చెప్పేసినా. ముప్పై మందే వస్తారు. చింతపండు మాత్రం మీరే తెండి అక్కా, ఈడ దొరికేది బాగుండదు."

ముప్పై మందే! ఫోను పెట్టేసి మా ఆయన వైపు తిరిగాను. ఆయన పేపర్లో వాతావరణం చదువుతున్నారు, తిరుపతిలో ఎండ కాస్తోందో లేదో తెలియనట్టు.

"ఫారంలో బస యాడ అని ఉంటే ఏం రాసినారు?"

"మునిరత్నం ఇల్లని రాసినా. మనింట్లో అన్నిసార్లు తిన్నాడు గదా, ఒకసారి మనం పోతే ఏమి? హోటల్లో మనకు ఎవురు తెలుసు?"

"ఎవురూ తెలీని చోటికనే గదా మహానుభావా పోయేది!"

"మాట ఇచ్చేసినానే పద్మా. ముప్పై మందికి పులిహోర నీకొక లెక్కా?"

కోపంతో పాటు ఏడుపూ వచ్చేసింది. "నాకు చేతనవుతుంది కాబట్టి నేనే చెయ్యాల్నా? ఒక్కసారి ఎవురైనా నాకు వడ్డిస్తే తినాలని ఉండాది. ఒకే ఒక్కసారి."

ఆయన పేపరు దించారు. మడిచి పక్కన పెట్టారు.

మర్నాడు, ఒక పూట చుట్టపుచూపుగా మాత్రమే వస్తామని మునిరత్నానికి చెప్పే పని ఆయనకు అప్పగించి, నేను ఆటో ఎక్కి ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్లాను. అక్కడ పనిచేసే జాహ్నవి ఫారంలో మునిరత్నం ఇల్లు కొట్టేసి హోటలు పేరు రాసింది.

"పొద్దున టిఫిను కూడా ఇందులోనే మేడమ్, ఐదు రోజులూ."

"ఎవురు చేస్తారు?" అలవాటుగా అడిగేశాను.

ఆ పిల్ల నవ్వింది. "హోటలు వాళ్లే మేడమ్. మీరు ఊరికే పోయి కూర్చోవడమే, తెచ్చి పెడతారు."

నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. కొంగుతో తుడుచుకున్నాను.

"ఇంకోసారి చెప్పు తల్లీ," అన్నాను.