రెండు లీటర్లు తక్కువతో

క్లచ్ లేని బండిని బండి అనడానికి డ్రైవరన్నకి నోరు రాదు. ముప్పై రెండేళ్లు లారీ తోలి, మోకాళ్లు అరిగి ఇంట్లో కూర్చున్నాడే గానీ, ఆయన ఎడమకాలు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. చెల్లెలి పికప్ మొదటిసారి నడిపిన రోజు ఆ కాలు క్లచ్ కోసం వెతికి వెతికి, చివరికి దొరికిన బ్రేకునే అదిమేసింది. బండి ఉన్నపళంగా ఆగింది. పక్కన కూర్చున్న చెల్లెలి కళ్లజోడు ఎగిరి అద్దానికి తగిలింది. ఆ తర్వాత ఆయన దాని స్టీరింగ్ ముట్టుకుంటే ఒట్టు.

“గేర్లు అదే మార్చుకుంటే ఇక మనమెందుకు? సామానులా కూర్చోడానికా?” అనేవాడు.

చెల్లెలు నవ్వి ఊరుకునేది. ఆమె తేనెటీగలు పెంచుతుంది. తోటలు పూతకొచ్చినప్పుడు రైతులు ఈగల పెట్టెలు తెప్పించుకుంటారు. ఈగ వాలితేనే కదా పూత కాయయ్యేది. పెట్టెల్ని ట్రైలర్ మీద కట్టి, ట్రైలర్‌ని పికప్ వెనక తగిలించి, ఏడాదిలో సగం రోజులు ఆమె రోడ్ల మీదే ఉంటుంది. ఆ డీజిల్ పికప్ మూడు లక్షల కిలోమీటర్లు దాటింది. సీట్లు మార్చారు, తలుపులు మార్చారు, రేడియేటర్ రెండుసార్లు మార్చారు. గేరుబాక్సు మాత్రం బండితో పుట్టిందే.

దాని గొప్పంతా నూనె డాక్టరమ్మది. ఊరి చివర రేకుల షెడ్డులో ఒంటిచేత్తో గేరుబాక్సులు బాగుచేసే మెకానిక్ ఆవిడ. చెవి మీద పెన్సిలు, చేతిలో తెల్లగుడ్డ. ఏ బండి వచ్చినా ముందు గేరుబాక్సు నూనె మట్టం చూసే పుల్ల లాగుతుంది, ఒక చుక్క తెల్లగుడ్డ మీద వేస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. చుక్క పడ్డ మేర కత్తిరించి, ఆ ముక్క మీద తేదీ రాసి గోడకి గుచ్చుతుంది. చెల్లెలి పికప్‌కి ఆ గోడ మీద పదకొండు ముక్కలున్నాయి. మాడిన నూనె నలుపెక్కుతుంది. ఈ పదకొండూ ఒకటే ఎరుపు.

“బరువులు లాగే బండికి శత్రువు బరువు కాదమ్మా, వేడి. వేళకి నూనె మారుస్తూ ఉండు, ఇది నీకంటే ఎక్కువ కాలం బతుకుతుంది” అని చెప్పింది డాక్టరమ్మ. చెల్లెలు తిండి మానుకున్న రోజులున్నాయేమో గానీ ఆ నూనె మార్చడం మాత్రం మానలేదు. డ్రైవరన్న అది చూసి, “దీనికి రక్తపరీక్షలు కూడా చేయించు” అని వేళాకోళం చేసేవాడు.

ఈసారి పెద్ద పని తగిలింది. కొండకి అవతల పెద్ద తోట, అరవై పెట్టెలు కావాలన్నారు. ఇదొకటి సవ్యంగా జరిగితే ఏటా పిలుస్తారు. చిక్కల్లా కొండతోనే. తెల్లవారకముందే ఈగలన్నీ లోపలుండగా పెట్టెల మూతులకి జాలీ బిగించాలి, ఎండ ముదరకముందే తోటలో దించి తెరవాలి. మధ్యలో ఎక్కడైనా బండి చతికిలబడితే పెట్టెల్లో ఈగలు ఉడికి చస్తాయి. ఆరేళ్ల కష్టం పూటలో పోతుంది. తోడుగా డ్రైవరన్న కూడా బయల్దేరాడు.

వెలుగు రాకముందు చెల్లెలు జాలీలు బిగించే పనిలో ఉంది. ఈయన ఊరుకోవచ్చు కదా? ఊరుకుంటే ఆయన డ్రైవరన్న ఎందుకవుతాడు. బానెట్ ఎత్తాడు. లారీ అలవాటు ప్రకారం, ఇంజన్ చల్లగా ఆగి ఉండగానే గేరుబాక్సు పుల్ల లాగి చూశాడు. నూనె గీత దాటి మూడు వేళ్లు పైకుంది.

‘ఇదా డాక్టరమ్మ వైద్యం’ అని నవ్వుకున్నాడు. నూనె ఎక్కువైతే నురగ కడుతుందని ఆయనకి తెలుసు. నూనె లాగే చేతిపంపు తెచ్చి, గొట్టం దించి, సరిగ్గా గీత దగ్గరికి వచ్చేదాకా లాగేశాడు. రెండు లీటర్లు వచ్చింది. పారబొయ్యడానికి మనసొప్పలేదు. ఆ నూనెదే ఖాళీ డబ్బా ఉంటే అందులో పోసి, మూత బిగించి, సీటు వెనక పెట్టాడు. చెల్లెలికి చెప్పలేదు. తోట చేరాక తీరిగ్గా చెప్పి మెప్పు కొట్టెయ్యాలనుకున్నాడు.

బానెట్ లోపల డాక్టరమ్మ అంటించిన కాగితం ఉంది. ఇంజన్ నడుస్తుండగా, వేడెక్కాకే మట్టం చూడాలని ఇంతింత అక్షరాలతో రాసింది. డ్రైవరన్న కాగితాన్ని చూశాడు. చదవలేదు. అలాంటివి కొత్తవాళ్ల కోసమని ఆయన నమ్మకం.

కొండ మొదలయ్యేదాకా అంతా సాఫీగానే సాగింది. చెల్లెలు నడుపుతోంది, ఈయన పక్కన కూర్చుని కునుకు తీస్తున్నాడు. ఐదో మలుపు దగ్గర ఇంజన్ ఒక్కసారి హోరెత్తింది, బండి మాత్రం ముందుకి రాలేదు. రెండు క్షణాలాగి గేరు పట్టుకుని కుదుపుతో కదిలింది. డ్రైవరన్న మత్తు వదిలిపోయింది. క్లచ్ జారితే వచ్చే మోత అది. కన్నతల్లి గొంతు మర్చిపోవచ్చేమో గానీ ఆ మోత మర్చిపోడు.

ఏడో మలుపులో మళ్లీ జారింది. గేరుబాక్సు వేడి చూపే ముల్లు ఎరుపు గీత వైపు పాకుతోంది. ‘నూనె చాలక’ అని మనసులో మాట పుట్టింది, ఆ వెంటనే బానెట్‌లోని కాగితం కళ్ల ముందుకొచ్చింది.

చెల్లెలు కూడా ముల్లు వైపు చూసింది. “పది పెట్టెలు ఎక్కువేశాను అన్నయ్యా. డాక్టరమ్మ యాభై చాలంది. నేనే ఆశపడ్డాను. ఇన్నేళ్లు ఒక్కరోజు కూడా ఏడిపించని బండి, నా చేతులతో నేనే పాడుచేసుకున్నాను.”

చూడండి, ఇక్కడ నోరు మూసుకుంటే ఆయనకి పోయేదేం లేదు. గేరుబాక్సు పోతుంది, తప్పు పది పెట్టెల మీదికి పోతుంది. ఆటోమేటిక్ బరువు లాగలేదని తను ఇన్నాళ్లూ అన్న మాటే నెగ్గుతుంది. ఒక మలుపు మొత్తం ఆ ఆలోచన ఆయన బుర్రలో తిరిగింది. చెల్లెలు భుజంతో కళ్లు తుడుచుకుంది. ఇక ఆయన వల్ల కాలేదు.

“రోడ్డు వెడల్పున్న ఆ చోట ఆపు.”

“ఆపితే ఎండెక్కుతుంది, ఈగలు…”

“ఆపకపోతే గేరుబాక్సు మిగలదు. నీ పెట్టెలేం చెయ్యలేదమ్మా. నేను చేశాను. పొద్దున రెండు లీటర్ల నూనె లాగేశాను.”

ఆమె బండి ఆపి ఆయన వైపు చూసింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు కూడా.

“పారబోశావా?”

“లేదు. సీటు వెనక ఉంది.”

“డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. నువ్వే చెప్పు” అని, నీళ్ల స్ప్రేయర్ తీసుకుని పెట్టెల దగ్గరికి వెళ్లిపోయింది.

డాక్టరమ్మ అంతా విని అరవలేదు. “ఇంజన్ ఆపెయ్యలేదు కదా? నడవనివ్వండి, లేకపోతే వేడి లోపలే ఉండిపోతుంది. చక్రాలకి రాళ్లు పెట్టండి. లీవర్ పార్కులో ఉంచి, ఒక చుక్క తీసి తెల్లగుడ్డ మీద వెయ్యండి.”

తెల్లగుడ్డంటే ఆయన దగ్గరున్నది చేతిరుమాలే. చుక్క వేశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక వాసన కోసం అంత భయపడలేదు.

“కాస్త ముదిరిందమ్మా. ఎరుపే. మాడు వాసన లేదు.”

అటువైపు ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. “మీ చెల్లెలు పదకొండుసార్లు నూనె మార్చింది చూడండి, అదే కాపాడింది. వేరేవాళ్ల బండైతే ఈపాటికి లోపల బూడిదే. ఇంజన్ ఆగితే పైనున్న నూనె కిందికి దిగి మట్టం ఎక్కువ చూపిస్తుంది. కాగితం అంటించాను, చదివారా?”

“చూశానమ్మా.”

“సరే లెండి. ఆ తీసిన నూనె మెల్లిగా తిరిగి పొయ్యండి.”

ఏ పంపుతో లాగాడో ఆ పంపుతోనే తిరిగి ఎక్కించాడు. చెల్లెలు బ్రేకు తొక్కి లీవర్‌ని ఒక్కో గేరులోకి తెచ్చి ఆగింది. మళ్లీ చూస్తే నూనె సరిగ్గా గీత మీదుంది. ముల్లు దిగేదాకా ఇద్దరూ పెట్టెల మీద నీళ్లు చల్లుతూ నిలబడ్డారు. జాలీల వెనక ఈగల రొద ఉంది. అది వినపడుతున్నంతసేపూ పరవాలేదని చెల్లెలు చెప్పింది. ఆయన ప్రతి పెట్టెకీ చెవి ఆనించి విన్నాడు.

మళ్లీ బయల్దేరాక డ్రైవరన్న కునుకు తియ్యలేదు. ఒక్కో మలుపూ లెక్కపెట్టాడు. ఇంజన్ ఎక్కడా హోరెత్తలేదు. మలుపుకి ముందే గేరు దిగుతోంది, తిరిగాక ఎక్కుతోంది, వెనకున్న ట్రైలర్‌కి మారిన సంగతే తెలియడం లేదు. కొండ దిగేటప్పుడైతే ఆయన చెల్లెలి కాలినే చూస్తూ కూర్చున్నాడు. చెల్లెలు బ్రేకు మీద కాలు వేసీ వెయ్యకముందే గేరు తనంతట తనే తగ్గి, ఇంజన్ పట్టు మీద బరువునంతా ఆపుతూ దించుతోంది. అలా దించడం నేర్చుకోడానికి ఆయనకి పదేళ్లు పట్టింది, రెండు జతల బ్రేకులు కాలిపోయాయి.

“ఎవరు నేర్పారే దీనికి?” అన్నాడు.

చెల్లెలు ఆ రోజుకి మొదటిసారి నవ్వింది.

ఎండ చురుక్కుమనే వేళకి తోట చేరారు. అరవై జాలీలూ తీశారు. మూడు పెట్టెల్లో కొన్ని ఈగలు అడుగున రాలి ఉన్నాయి. మిగతావన్నీ బయటికి వచ్చి, గాల్లో రెండు చుట్లు తిరిగి, పూత మీదికి వెళ్లాయి.

ఆ వారమే నూనె మార్పించడానికి షెడ్డుకి వెళ్లారు. డాక్టరమ్మ రుమాలు అడిగి తీసుకుని, చుక్క ఉన్నంత మేర కత్తిరించి, పన్నెండో ముక్కగా గోడకి గుచ్చింది. కింద పెన్సిలుతో రాసింది: ‘కొండ. అరవై పెట్టెలు. రెండు లీటర్లు తక్కువ. ఎక్కింది.’ ఎవరివల్ల తక్కువైందో రాయలేదు.

డ్రైవరన్న దాన్ని ఈసారి అక్షరం అక్షరం చదివాడు. పెన్సిలు అడిగి తీసుకుని, కింద తన చేత్తో చేర్చాడు: ‘తీసింది డ్రైవరన్న. కాగితం చదవక.’

వెనక నిలబడ్డ చెల్లెలు తాళాలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఎక్కి కూర్చుని, ఎడమకాలు జాగ్రత్తగా వెనక్కి మడుచుకుని, బండి ఇంటి వైపు తిప్పాడు.