పాలు కాచే చేతులు

చెల్లెలన్నాక అక్క రిబ్బన్లు కాజేయాలి, అక్క మీద చాడీలు చెప్పాలి. ఈ పిల్లకు ఆ మాత్రం మర్యాద కూడా తెలియదు. గాల్లోకి ఎగిరేది. అదీ, ఎవరికైనా ప్రమాదమని గుండె గుభేల్మంటేనే. మామూలప్పుడు బస్సందుకోవడానికి కూడా పనికొచ్చే విద్య కాదు.

అక్కకూ ఒక శక్తి ఉంది. మనసు కుదురుగా లేకపోతే అరచేతులు పెనంలా కాలిపోతాయి. ఇంట్లో దానికి దక్కిన గౌరవం ఇంతే: "పెద్దదానా, గ్యాసయిపోయింది, ఈ పాలగిన్నె కాస్త పట్టుకోవే!"

బడిలో ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియనిచ్చేంత పిచ్చిది కాదు అక్క. మేడమీంచి జారిన పిల్లాణ్ణి చెల్లెలు గాల్లోనే పట్టుకున్నప్పుడు, వాడి తల్లి కళ్ళనీళ్ళతో థాంక్స్ చెప్పి, ఆ వెంటనే వాడి చేతులు రుమాలుతో తుడిచింది. మర్నాటి నుంచి చెల్లెలి పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదు. అక్క కూడా స్నేహితురాళ్ళ మధ్య ఇరుక్కుని, చూడనట్టే తినేసింది.

అయినా కడుపుమంట అక్కదే. మెచ్చినా తిట్టినా అందరి నోటా ఆ చిన్నదే! రిలే జట్టులో దానికి చోటు కూడా దొరికేసరికి ఒళ్ళు భగ్గుమంది.

"పరిగెత్తేటప్పుడు మీ చెల్లి తేలుతుందా?" అనడిగారు డ్రిల్లు మాస్టారు.

"కొంచెం తేలుతుంది సార్."

పచ్చి అబద్ధం. చెల్లెలి చోటు అక్కకొచ్చింది. చెల్లెలికి మంచినీళ్ళ సీసాలు మోసే పనొచ్చింది.

పోటీలో అక్క బ్యాటన్ అందుకుని పరుగు తీసింది.

"అక్కా, దూసుకుపోవే!" అని చెల్లెలు గొంతు చించుకుంది.

ఆ కేక వినగానే అక్కకు ఎక్కడో కలుక్కుమంది. అరచేతులు కాలడం మొదలైంది. ఆపుదామన్నా ఆగలేదు. బ్యాటన్ అందుకున్న స్నేహితురాలు "అమ్మో!" అంటూ విసిరి పారేసింది.

మాస్టారు దాన్ని ముట్టుకుని చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నారు. "ఎవరి పనిది?"

"ఇంకెవరు సార్, ఆ ఎగిరేదే! చోటు పోయిందని కుళ్ళు," అంది స్నేహితురాలు, చెయ్యి ఊదుకుంటూ.

"ఏం పిల్లా, నువ్వేనా? బడిలోంచి పంపించెయ్యాల్సి ఉంటుంది మరి."

చెల్లెలు అక్క వైపు చూసింది. ఒక్క మాటంటే చాలు. అనలేదు. తల దించుకుంది.

అక్కకు అప్పుడు కూడా అసూయే కలిగింది. ఇంత మంచితనమూ దీనికేనా!

"కుళ్ళు దానికి కాదు సార్, నాకు," అంది. స్నేహితురాళ్ళు అప్పుడే దూరం జరుగుతున్నారు. "బ్యాటన్ కాల్చింది నేను. అది తేలుతుందన్నదీ అబద్ధమే. తప్పంతా నాదే."