ఒకటో ఛానెల్

లైసెన్సు ఆఫీసు నాలుగింటికి మూసేస్తారు. అప్పటికి మూడుంబావు. స్టూలు మీద కూర్చున్న క్రేను డ్రైవరుకి పదకొండో ఫొటో తీశాడు ఫొటోగ్రాఫరు. పదకొండింటిలోనూ కళ్ళు మూసే ఉన్నాయి.

"పాత లైసెన్సులోనూ ఇంతే. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు," అన్నాడు డ్రైవరు. "పొద్దున ఆఫీసులో మాత్రం, నిద్రపోయేవాడికి క్రేనెలా ఇస్తాం అన్నారు. ఇవాళ్టితో గడువైపోతుంది సార్. రేపు నా సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు."

ఫొటోగ్రాఫరుకి కారణం తెలిసిపోయింది. స్టాండు మీది పెద్ద ఫ్లాష్‌కి తీగ లేదు. కెమెరా నెత్తినున్న చిన్న ఫ్లాష్ ముందుగా మిణుక్కుమని సైగ చేస్తుంది. అది చూసి పెద్దది వెలుగుతుంది. మామూలు మనుషులకి ఆ తేడా తెలియదు. కానీ డ్రైవరుది ఇరవై ఏళ్ళుగా కిందివాళ్ళ సైగలు అందుకునే బతుకు. పెద్ద ఫ్లాష్ కంటే అతని రెప్పలే ముందు స్పందిస్తున్నాయి.

"ఆ చిన్నదాన్ని ఆపెయ్యండి."

"ఆపేస్తే పెద్దదానికి ఎవరు చెప్తారు?"

"ట్యూబులైటు చాలదా?"

"మొహాన నీడ పడితే అదీ తిప్పి పంపిస్తారు."

అంతలో స్టాండు మీది ఫ్లాష్ దానంతటదే భగ్గుమంది. కెమెరాని ఎవరూ ముట్టుకోలేదు.

"వాడే," పళ్ళు నూరాడు ఫొటోగ్రాఫరు.

వీధికవతల బావమరిది స్టూడియో. ఇద్దరి ఫ్లాష్‌లూ ఒకటో ఛానెల్ మీదే ఉన్నాయి. ఇక్కడ నొక్కితే అక్కడ, అక్కడ నొక్కితే ఇక్కడ వెలుగుతాయి. ఒకరు రెండో ఛానెల్‌కి మారితే సరిపోయేది. 'ముందు కొన్నది నేను' అని ఇతను. 'పిల్లనిచ్చిందీ మేమే, తగ్గాల్సిందీ మేమేనా' అని అతను. రెండేళ్ళుగా మాటల్లేవు.

ఫొటోలు కత్తిరిస్తున్న భార్య తలెత్తింది. "సైగ తమ్ముడి దగ్గర్నుంచి వస్తే ఈ డ్రైవరుకి కనపడదుగా. కిటికీ అతని వీపు వెనక ఉంది."

ఫొటోగ్రాఫరు లెక్క వేసుకున్నాడు. చిన్న ఫ్లాష్ ఆపేసి, లైట్లార్పి, కెమెరా కన్ను ఒక్క సెకను తెరిచి ఉంచితే చాలు. ఆ సెకనులో వాడు నొక్కాలి.

ఆమె వీధి దాటి వెళ్ళి, రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది.

"మీరు అడగాలట. నోటితో అక్కర్లేదు, తల ఊపితే చాలట."

అతను కిటికీ వైపు తిరిగి గడ్డం అరంగుళం కదిల్చాడు. అవతలి కిటికీలోంచి ఏదో కేక వినిపించింది.

"ఏమంటాడు?"

"తల ఊపారా, మెడ పట్టేసిందా అని."

డ్రైవరు గడియారం చూశాడు. మూడున్నర. ఫొటోగ్రాఫరు ఈసారి గట్టిగా ఊపాడు.

భార్య రోడ్డు నడిమధ్యకెళ్ళి ఇద్దరికీ కనపడేలా చెయ్యెత్తింది. నీళ్ళ ట్యాంకరు ఆగింది. దాని వెనక రెండు బైకులు ఆగాయి.

"ఏమైందమ్మా?" అడిగాడు ట్యాంకరు డ్రైవరు.

"ఫొటో."

అతనికి అర్థం కాలేదు గానీ, జుట్టు దువ్వుకున్నాడు.

చెయ్యి దిగింది. ఇక్కడ కెమెరా కన్ను తెరుచుకుంది. అక్కడ బావమరిది బటను నొక్కాడు. స్టాండు మీది ఫ్లాష్ గదంతా తెల్లగా చేసింది.

తెర మీద క్రేను డ్రైవరు రెండు కళ్ళూ కోడిగుడ్లంత చేసుకుని చూస్తున్నాడు.

"పడిందా బావా?" అవతల్నుంచి కేక.

"పడిందిరా," అనేశాడు ఫొటోగ్రాఫరు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

ఫొటో ఆరకముందే క్రేను డ్రైవరు ఆఫీసుకి పరుగెత్తాడు. నాలుగుంబావుకి లైసెన్సుతో తిరిగొచ్చాడు.

"గుమస్తా పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి, ఇద్దరూ ఒకడేనని నమ్మకమేంటి అన్నాడు."

"మరేం చేశావు?"

"కౌంటరు ముందు కళ్ళు మూసుకుని నిలబడ్డాను. ముద్ర చప్పుడయ్యాక తెరిచాను."

ఎదుటి కిటికీలో బావమరిది నిలబడి ఉన్నాడు. అతని వెనక స్టూలు మీద ఎవరో పెద్దాయన, ఫ్లాష్‌కి మూసుకుపోయిన కళ్ళు నులుముకుంటున్నాడు. బావమరిది ఇటు చూస్తూ నిదానంగా తల ఊపాడు.

భార్య మళ్ళీ చెప్పులు వేసుకుంది.