తెల్ల బండి, నల్ల బండి, ఆగ్నేయ మూల

నానక్‌రామ్‌గూడ పాత ఊరిని మింగి లేచిన టవర్లలో ఒకదాని కింద, సెల్లార్ ఆగ్నేయ మూలలో ఒక గది ఉండేది. దానికి కిటికీ లేదు. పైన గిరగిరా తిరిగే ఫ్యాను, గోడకు కొట్టిన మేకులు, మేకులకు బ్యాగులు, కింద టిఫిన్ డబ్బాలు. ఓ పక్కన బాత్రూమ్. కుండీ పగిలింది, గోడ చెమ్మెక్కింది, అయినా నీళ్లొచ్చేవి. ఆ టవర్లను ఊడ్చి తుడిచే ఆడవాళ్లందరికీ అంత ఎత్తు కట్టడంలో దక్కిన జాగా అదొక్కటే. పైన ఫ్లాట్లలో మనిషికో బాత్రూమ్, ఎప్పుడో వచ్చే చుట్టాలకు ఇంకోటి. వాటిని కడిగేది వీళ్లే. కడగాలి, వాడకూడదు. ఆ సంగతి ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు, అంతే.

ఆ గదికి ఇత్తడి తాళం వేసింది వసంత. డ్రైవర్లు ఎప్పుడంటే అప్పుడు తోసుకొస్తున్నారని లింగంపల్లి బజారులో తానే కొనుక్కొచ్చింది. తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగునే ఉండేది. అందరికన్నా ఎక్కువగా ఆ చెవి అడిగేది లచ్చమ్మ. పెద్ద మనిషి, షుగరుంది. ఒకసారి వస్తే ఆపుకోలేదు. పనిలో చేరిన రోజే ఆమె వసంత చెవిలో చెప్పింది, "బాత్రూమ్ దగ్గరుంటేనే నేను పనికి రాగల్గుత బిడ్డా, లేకుంటే ఇంట్ల కూసోవాల్సిందే" అని. ఇంట్లో కూర్చుంటే పెట్టేవాళ్లు లేరు.

ఈ గదికీ కార్లకీ సంబంధం ఏమిటంటే, ఆ టవర్లలో మామిడిపళ్లు కూడా గ్రూపుగానే కొంటారు. అలాగే కరెంటు కార్లు గ్రూపుగా కొందామనుకున్నారు. కొందరు ఓనర్లు కలిసి ఒకే మోడల్ బుక్ చేస్తే కంపెనీ ధర తగ్గిస్తుంది, సెల్లార్‌లో పెద్ద చార్జర్ ఊరికే పెట్టిపోతుంది. అయితే ఏ మోడల్? రెండు పోటీకొచ్చాయి, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. చార్జర్ ఎక్కడ పెట్టాలి? ఇది ఏ ఇంజనీరునూ అడగలేదు. సిద్ధాంతిని అడిగారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కదా, ఒక్క సిద్ధాంతి చాలలేదు, ఇద్దరిని అడిగారు. కరెంటంటే నిప్పు, నిప్పు ఆగ్నేయంలో ఉండాలి, అక్కడ నీళ్లుంటే కొంపకు అరిష్టం అన్నాడొకాయన. బండంటే కదలిక, కదిలేది వాయవ్యంలో ఉండాలన్నాడు రెండో ఆయన. చివరికి ఓనర్ల మీటింగులో, ఎవరి బండి గెలిస్తే వాళ్ల సిద్ధాంతి మాటే చెల్లేట్టు ఒప్పందం కుదిరింది.

ఆ మీటింగుకు కుర్చీలు వేసిన సెక్యూరిటీ ఐలయ్య, గేటు దగ్గర షేర్ ఆటో దిగుతున్న వసంతను ఆపాడు.

"మీ అర్ర పోయేటట్టున్నది బిడ్డా."

"ఎవలన్నరు కాకా?"

"తెల్ల బండొస్తే కరెంటు డబ్బా మీ మూలకొస్తదట. నల్ల బండొస్తే అవతలి మూలకు."

"అవతలి మూలల కుక్కల తానాల అర్ర లేదా?"

"గా కుక్కల అర్ర తీసేస్తరట. ఉదయ్ భాస్కర్ సారు అందరి ముంగట చెప్పిండు. నా చెవులతోని విన్న."

వెనక ఆటోలోంచి దిగిన లచ్చమ్మ నిట్టూర్చింది. "ఇగ మనం నల్లదానికే మొక్కాలె. నా బతుకుల కార్ల కోసం మొక్కుడొకటి తక్కువైంది."

ఆదివారం రెండు బండ్లూ క్లబ్‌హౌస్ ముందుకొచ్చాయి. పడ్డ వేలిముద్ర పడ్డట్టే తుడవడానికి వసంతకు మెత్తని గుడ్డ ఇచ్చి నిలబెట్టారు. ఆమె కూడా లేదన్నట్టే అందరూ మాట్లాడుకున్నారు.

తెల్లదాని పక్కన మధుసూదన్. అనంతపురం నుంచి వచ్చి, కోకాపేటలో ప్లాట్లు అమ్మి పైకొచ్చిన మనిషి, సొసైటీ ప్రెసిడెంటు. నల్లదాని పక్కన ఉదయ్ భాస్కర్. భీమవరం మనిషి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టరు.

"ఎత్తు చూడప్పా దీనిది," అన్నాడు మధుసూదన్, తెల్లదాని బానెట్ మీద అరచేయి ఆనించి. "ఎదురుగా వస్తాంటే అవతలోడు పక్కకు తప్పుకోవల్ల. బండంటే అట్లుండల్ల."

"ఎత్తుతో మనకేం పనండీ, పొలంలోకి తోలుకెళ్తామా? రేంజి చూడండి. మీరు కాఫీ తాగొచ్చేలోపు చార్జింగ్ నిండిపోద్ది. ముందు మూడు స్క్రీన్లు."

"మూడు స్క్రీన్లతో ఏం చేస్తావు సామీ, సినిమా హాలు పెడతావా? రేపు అమ్మాలనుకుంటే దీనికి గిరాకీ ఉండాది. దాన్ని ఎవరు కొంటారు?"

"బ్యాటరీకి జీవితకాలం వారంటీ ఇస్తున్నారండి."

"ఎవరి జీవితకాలం? నాదా, దానిదా?"

అందరూ నవ్వారు. తర్వాత సీట్లలోంచి చల్లగాలి వచ్చేది ఎందులో, నడుముకు మర్దన చేసేది ఎందులో, పైకప్పు అద్దం పెద్దది ఎందులో, ఒకటేమిటి, పొద్దెక్కేదాకా అదే వాదన. ఒకాయన డిక్కీలో గోల్ఫ్ బ్యాగు పెట్టి చూశాడు. ఇంకొకాయన రెండింటి ధరలనూ ఫోన్లో పక్కపక్కన పెట్టి, ఎక్కువ ఉన్నదే మన టవర్లకు పరువుగా ఉంటుందన్నాడు. ఎండ మాడ్చేస్తోంది. మర్దన చేసే సీట్ల గురించి వింటూ వసంత వంగి వంగి తుడుస్తోంది. ఇంత తిని, ఇంత కట్టి, ఇంకా కూర్చునే చోట ఏ సుఖం తక్కువైందా అని వెతుక్కునే ఈ మనుషుల వైపు ఆమె తలెత్తి చూడలేదు. అయినా వింది. ఒక్క మాట పొల్లుపోకుండా వింది. నల్లదాన్ని మెచ్చుకున్నప్పుడల్లా ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తెల్లదాని తలుపు మీద పడ్డ మరకలను చూసీ చూడనట్టు వదిలేసి, నల్లదాన్ని మాత్రం మొహం కనబడేలా రుద్దింది.

అప్పుడు ఉదయ్ భాస్కర్ తన ఆఖరి అస్త్రం తీశాడు.

"లావణ్య గారూ, మీ బ్రూనోను ఒకసారి ఇటు ఇవ్వండి."

లావణ్య మధుసూదన్ భార్య. ఆమె చంకలో తెల్లటి బొచ్చుకుక్క ఉంది. దాన్ని నల్ల బండిలో కూర్చోబెట్టి తలుపు వేశాడు. లోపల ఏసీ దానంతటదే నడుస్తోంది. స్క్రీన్ మీద పెద్ద అక్షరాలు వెలిగాయి. నా యజమాని ఇప్పుడే వస్తారు, లోపల నాకు చల్లగా ఉంది, ఫికర్ చేయకండి అని తెలుగులోనే పడ్డాయి. అందరి నోటా ఒకటే మాట, ఎంత ముద్దుగా ఉందో అని. లావణ్య కళ్లు తడిశాయి. నిజంగానే తడిశాయి.

"వసంతా, నువ్వు చెప్పు. ఏ బండి బాగుండాది?" అంది లావణ్య, ముచ్చటపడి.

వసంత గుడ్డ దులిపింది. "నల్లదే మేడమ్."

"ఎందుకే?"

"కుక్కకు సల్లగుంటది మేడమ్."

"చూసినావా," అని లావణ్య మొగుడి వైపు తిరిగింది. "పనిమనిషికి ఉండే జాలి కూడా నీకు లేదు."

తాను ఆ మాట అన్నందుకు వసంతకు నోరు పుక్కిలించాలనిపించింది. సెల్లార్‌లోకి దిగి నిజంగానే పుక్కిలించి ఉమ్మింది. కానీ ఆ మాట పని చేసింది. సాయంత్రం వాట్సాప్‌లో ఓట్లు వేశారు. నల్లది గెలిచింది. మధుసూదన్ సొంత ఇంట్లోంచే ఒక ఓటు అటు పడింది.

సోమవారం లచ్చమ్మ ఇంటి నుంచి సర్వపిండి చేసి తెచ్చింది. ఫ్యాను కింద అందరూ తలా ఒక ముక్క తిన్నారు. "నల్ల బండి సల్లగుండ," అని లచ్చమ్మ మూతి తుడుచుకుంటుండగా తలుపు బయట గీకిన చప్పుడయింది. చూస్తే టేపు పట్టుకున్న మనిషి ఒకడు తలుపు మీద సుద్దతో పెద్ద ఇంటూ మార్కు గీస్తున్నాడు.

వసంత నేరుగా క్లబ్‌హౌస్‌కు వెళ్లింది. నిన్నటిదాకా ఒకరి బండి మీద ఒకరు ఉమ్మినంత పని చేసిన మధుసూదన్, ఉదయ్ భాస్కర్ ఒకే సోఫాలో కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"సార్, నల్లదే గెలిచింది గద. మరి మా తలుపుకు మార్కేంది?"

ఉదయ్ భాస్కర్ కప్పు దించాడు. "వాయవ్యం కుదరదమ్మా. అక్కడ పెట్ రూమ్ మొన్నమొన్ననే కట్టాం. వేడి నీళ్లు, టైల్సు, కుక్కలకు స్నానం చేయించే అమ్మాయికి వేరే బాత్రూమ్. అదంతా ఎలా పగలగొడతామండీ? లావణ్య గారు ఊరుకుంటారా? మా ఆవిడ ఊరుకుంటదా?"

"మీ సిద్ధాంతి వాయవ్యమన్నడట గద సార్."

"ఫోన్ చేశానమ్మా. ఆగ్నేయమైనా ఫర్వాలేదన్నారు."

మధుసూదన్ తొడ చరిచాడు. "కారు ఈయనది, మూల నాది. సరిపాయె. ఎవరికీ లాసు లేదు."

ఎవరికీ. రోజుల తరబడి కొట్టుకున్న ఇద్దరు మగవాళ్లకు ఒప్పందం కుదరడానికి కప్పు కాఫీ చల్లారినంత సేపు కూడా పట్టలేదు. మధ్యలో ఇవ్వాల్సింది తమది కాదు కాబట్టి పట్టలేదు.

"మరి మేం ఏడికి పోవాలె సార్?"

ఉదయ్ భాస్కర్ ఫోన్ చూసుకున్నాడు. మధుసూదన్ ఆలోచించినట్టు మొహం పెట్టాడు. "పక్క సైటులో లేబరోళ్ల బాత్రూములుంటాయి కదమ్మా. మేస్త్రీతో మాట్లాడతాలే."

పక్క సైటులో ఉన్నవి తలుపు లేని రేకులు. చుట్టూ మగవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆ సైటులో ఆయనకు వాటా ఉంది.

గది గోడలు ఒక్క పూటలో కూలాయి. వసంత తలుపుకున్న ఇత్తడి తాళం విప్పుకుని కొంగున కట్టుకుంది. ఆ మర్నాటి నుంచి ఆడవాళ్లు సెల్లార్ మెట్ల కింద కూర్చుని తిన్నారు. లచ్చమ్మ నీళ్లు తాగడం మానేసింది. నాలుక పిడచకట్టుకుపోయి మాట తడబడుతున్నా, అడిగితే దాహం లేదనేది. అలా కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. ఒక మధ్యాహ్నం లిఫ్టులో ఆపుకోలేకపోయింది. తానే తుడిచింది, తానే ఫినాయిలు పోసింది. అయినా ఎవరో ముక్కు పట్టుకుని ఫొటో తీసి ఓనర్ల గ్రూపులో పెట్టారు. వీళ్లకు శుభ్రత నేర్పండి అని రాశారు. వాళ్ల కమోడ్ రోజూ తోమే మనిషికి.

"రేపటి సంది నేను రాను బిడ్డా," అంది లచ్చమ్మ మెట్ల కింద తల వంచుకుని. "ఇజ్జత్ పోయినంక ఏం పని."

"ఇజ్జత్ పోయింది నీది గాదు అత్తా. రేపు రా. నా మీద ఒట్టు, రా."

మర్నాడు పైన క్లబ్‌హౌస్ ముందు కొత్త బండ్లకు పూజ. నల్ల బండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. అన్నిటికీ ఒకే రకం పూలదండ. పంతులు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించాడు. గుమ్మడికాయ పగిలింది, కొబ్బరికాయలు పగిలాయి. బ్రూనో నుదుటికి కూడా కుంకుమ పెట్టారు. అది విదిలించుకుని గుమ్మడికాయ ముక్కల్లో దొర్లింది. ఆడవాళ్లంతా చీపుళ్లతో సిద్ధంగా నిలబడ్డారు, ఈ చెత్త ఎత్తేది వాళ్లే కాబట్టి.

లచ్చమ్మ వసంత చేయి పట్టుకుంది. వేళ్లు బిగుసుకున్నాయి. మొహం చూస్తే చాలు, చెప్పక్కర్లేదు.

వసంత చీపురు అక్కడే పడేసింది. లచ్చమ్మను నడిపించుకుంటూ సెల్లార్ వాయవ్య మూలకు పోయింది. గాజు తలుపు, దాని మీద నవ్వే కుక్క బొమ్మ. లోపల పాలరాయిలాంటి టైల్సు, వేడి నీళ్ల పంపు, మడిచి పెట్టిన తువ్వాళ్లు, వెనక పక్కన బాత్రూమ్. లచ్చమ్మ గడప దగ్గర ఆగిపోయింది.

"వద్దు బిడ్డా. తిడ్తరు."

"తిట్టనీ. నువ్వు పో ముందుగాల."

ఆమె లోపలికెళ్లాక వసంత గాజు తలుపు మూసి, కొంగున కట్టుకున్న ఇత్తడి తాళం విప్పి గొళ్లానికి వేసింది. తలుపుకు అడ్డంగా నిలబడింది.

కాసేపటికి లావణ్య వచ్చింది. బ్రూనో బొచ్చంతా కుంకుమ, గుమ్మడి గుజ్జు. వెనకాల మధుసూదన్, ఆయన వెనక ఐలయ్య, ఇంకా వెనక చీపుళ్లు వదిలేసి ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్న ఆడవాళ్లు.

"తాళం ఎవరు వేసింది ఇది? తలుపు తియ్ వసంతా, వీనికి స్నానం పోయల్ల."

"లోపల మనుషులున్నరు మేడమ్."

"మనుషులా? ఇది పెట్ రూమ్."

"మీ సిద్ధాంతే చెప్పిండట గద మేడమ్, ఆగ్నేయంల నీళ్లుండొద్దని. గందుకే ఇటు వచ్చినం."

మధుసూదన్ మొహం ఎర్రబడింది. "ఐలయ్యా, పగలగొట్టు తాళం."

ఐలయ్య తాళం వైపు చూశాడు, వసంత వైపు చూశాడు. "ఆడోళ్లున్నరు సార్ లోపల. నేను మగోన్ని. నా వల్ల గాదు," అని టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"రేపట్నుంచి మీరెవరూ పనికి రావల్సిన పని లేదు."

"మంచిది సార్," అంది వసంత. "పైన గుమ్మడికాయ ముక్కలున్నయి. కొబ్బరి నీళ్లున్నయి. బండ్లు కదిలితే టైర్లకు అంటుకుంటయి. మేడమ్‌కు చీపురియ్యుండ్రి."

బ్రూనో తన కాలు తాను నాక్కుంటోంది. లోపల నీళ్ల చప్పుడు ఆగింది. గాజు మీద లచ్చమ్మ వేలితో తట్టింది. వసంత తాళం తీసింది. లచ్చమ్మ మొహం కడుక్కుని బయటికొచ్చింది. తలెత్తి అందరినీ చూసి, వసంత పక్కన నిలబడింది.

ఆడవాళ్ల వరసలో ముందున్న ఆమె లోపలికెళ్లింది. వసంత మళ్లీ తాళం వేసింది.