నెల్స్ చెప్పిన లోతు

అరవయ్యో దారం ముడి బిగించేసరికి కిటికీ అవతల పొగమంచులో బోట్ల దీపాలు ఒక్కొక్కటే కనిపించసాగాయి. ఒరిన్ సల్మెలా నైలాన్ దారం కొసను పళ్లతో కొరికి, ఒకదాని వెనక ఒకటిగా కట్టిన రెండు కొక్కేలను బొటనవేలితో తడిమి చూశాడు. కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉండకూడదని చట్టం. ముల్లున్న పాత సరుకును పటకారుతో నొక్కి చదును చేయడం కూడా అతని పనే. ముప్పై ఒక్క ఏళ్లుగా దారం కోసుకుని కోసుకుని అతని కుడి చూపుడువేలు మొదటి కణుపు దగ్గర ఒక గాడి పడిపోయింది. చేతులు కడుక్కున్నా ఆ గాడిలో హెర్రింగ్ చేప పొలుసు ఒకటో రెండో మెరుస్తూనే ఉంటాయి.

సీజనులో రోజుకు నలభైకి తక్కువ కట్టిన రోజు లేదు. ఏడాదికి వంద రోజుల సీజను అనుకున్నా ఈ ఎరల దుకాణంలో అతను కట్టిన దారాలు లక్ష దాటి ఉండాలి. వాటిలో ఎన్నింటికి చేప పడిందో అతనికి తెలియదు. తెగిపోయిన దారాల సంగతి మాత్రం ఎవరో ఒకరు పనిగట్టుకుని వచ్చి చెప్పేవారు.

హెర్రింగ్ తొట్టి మూత తీసి, రాతి ఉప్పులో రాత్రంతా ఊరిన ఎర చేపలను వేలితో నొక్కి చూశాడు. గట్టిగా ఉన్నాయి. నీళ్లలో విరిగిపోకుండా గంటసేపు తిరుగుతాయి. అరవై రెండేళ్ల మనిషికి ఆ నడుము అన్ని సార్లు వంగడం మంచిది కాదు. అయినా ఆ తొట్టి మీద ఇంకెవరినీ చెయ్యి వేయనివ్వడు. తర్వాత సుద్దముక్క తీసుకుని బయటికి వెళ్లాడు.

గుమ్మం పక్కన ఉన్న నల్లబల్ల అతనిది. బల్లా, గోడా యజమానురాలివి. రాత అతనిది. ఈ వాషింగ్టన్ తీరంలో సాల్మన్ కోసం హార్బర్ దాటే చిన్న బోట్లవాళ్లు ముందు ఆ బల్ల దగ్గర ఆగేవారు. ఎటు పోవాలి, ఎంత లోతు, ఏ రంగు ఎర, నీళ్ల వేడి ఎంత, నిన్న ఎవరికి ఎన్ని పడ్డాయి. ఇవన్నీ ఏడు వరుసల్లో ఉండేవి. ఈ మధ్య ఆగేవాళ్లు తగ్గారు. బల్లకు వీపు చేసి నిలబడి ఫోన్లు చూసుకుంటున్నారు.

ఒరిన్ సముద్రం మీదకి పోడు. పదిహేడేళ్లప్పుడు తండ్రి వలపడవ ఎక్కి, ఏటి ముఖం దగ్గరి ఇసుకమేట దాటకముందే పేగులు బయటికొచ్చేలా కక్కాడు. ఇరవయ్యేళ్లప్పుడు మళ్లీ ఎక్కాడు, మళ్లీ అంతే. తండ్రి తిట్టలేదు. ఒడ్డున దింపి, వెనక్కి చూడకుండా పడవ తిప్పుకుని పోయాడు. సముద్రం గురించి ఒరిన్‌కు తెలిసిందంతా ఇతరుల నోటి నుంచి వచ్చినదే. ఆ ఇతరులేమో అబద్ధాలకోర్లు.

ఈ హార్బర్‌లో ఏ సరంగూ చేప ఎక్కడుందో నిజం చెప్పడు. అది తప్పు కాదు, పద్ధతి. అడిగినవాడికి జవాబివ్వకపోతే మర్యాద కాదు, నిజమిస్తే బుద్ధి కాదు. అందుకని అబద్ధమిస్తారు. ఆ అబద్ధాల్లోంచి నిజం తీయడమే ఒరిన్ చేసే వ్యాపారం. ఒక్కొక్కడికి ఒక్కొక్క తరుగు. మక్‌క్రిలిస్ లోతు సరిగ్గా చెప్పి దిక్కు మారుస్తాడు. పడమటి రేవు అన్నదమ్ములు దిక్కు సరిగ్గా చెప్పి చేపలు రెట్టింపు చేస్తారు. నెల్స్ ఓడెగార్డ్ అన్నీ మారుస్తాడు. అతను దక్షిణమంటే ఉత్తరం, ఆకుపచ్చంటే నీలం. చెప్పిన లోతుకు రెట్టింపు చేయాలి, చెప్పిన చేపల్లో మూడోవంతు తీసుకోవాలి. ఇరవై ఆరేళ్లలో ఈ లెక్క తప్పింది లేదు. తప్పకుండా అబద్ధం చెప్పే మనిషి, తప్పకుండా నిజం చెప్పే మనిషికన్నా తక్కువేమీ కాదని ఒరిన్ అభిప్రాయం. ఇద్దరి మాట మీదా వ్యాపారం నడుస్తుంది.

నిన్న సాయంత్రం నెల్స్ వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, డబ్బు తీసుకుని జనాన్ని తన బోటు మీద చేపలవేటకు తిప్పుతాడు. ఎడమ భుజం కిందికి జారి, బరువు మోస్తున్నట్టే నడుస్తాడు. గల్లా బల్ల మీద మోచేతులు ఆన్చాడు.

“ఏరా ముడులోడా, ఇంకా ఉన్నావా?”

“నేను పోతే నీ అబద్ధాలు ఎవడు వింటాడురా?”

“సరే, రాసుకో. గంట కట్టిన బోయాకి దక్షిణంగా మూడు మైళ్లు. నూట ఎనభై అడుగుల నీళ్లు. తీగ మాత్రం ముప్పై ఐదు అడుగుల దగ్గర ఆపాలి. ఆకుపచ్చ రబ్బరు స్క్విడ్. మెరుపు పలకకీ దానికీ మధ్య ముప్పై రెండు అంగుళాల దారం.”

“చేపలో?”

“ఆరుగురికి పన్నెండు. అన్నీ కోహోలే. అన్నిటికీ రెక్క కోసి ఉంది.”

హేచరీలో పెంచి వదిలిన కోహో సాల్మన్‌కు వీపు చివర చిన్న రెక్క కోసి ఉంటుంది. ఆ రెక్క ఉన్నది ఏట్లో సహజంగా పుట్టిన చేప, దాన్ని నీళ్లలోకి వదిలేయాలి. ఈ ఏడు పడ్డవాటిలో సగం వదిలేసేవే. పన్నెండుకు పన్నెండూ ఉంచుకున్నవే అంటే ఒరిన్‌కు నవ్వొచ్చింది.

“ముప్పై రెండు అంగుళాలా? ముప్పై మూడు కాదూ?”

నెల్స్ నవ్వలేదు. “ముప్పై రెండు,” అన్నాడు. ఏదో కొనేవాడిలా గోడకు వేలాడుతున్న సీసం గుండ్ల వైపు చూసి, కొనకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు బల్ల ముందు ఒరిన్ తరుగు తీసి రాశాడు. బోయాకి ఉత్తరంగా. డెబ్భై అడుగులు. నీలం స్క్విడ్. ముగ్గురికి రెండు పడొచ్చు.

రాస్తుంటే లెనోరా కారు దిగింది. దుకాణం ఆమెది, అంతకుముందు ఆమె తండ్రిది. పాలపళ్లు ఊడే వయసులో ఆమె ఈ గుమ్మంలో ఆడుకుంటుంటే ఒరిన్ కొక్కేల పెట్టెలు ఆమెకు అందకుండా పై అరలోకి ఎక్కించేవాడు.

“ఒరిన్, గుర్తుంది కదా మీకు?” అంది.

“ఎందుకుండదు అమ్మాయ్.”

“నాకు మాత్రం ఇష్టమా చెప్పండి? పోయిన వారం మీ బల్ల చూసి పోయినవాళ్లు నా మీద పడి అరిచారు. ఈ శనివారం జనం చేపలతో వస్తే బల్ల ఉంటుంది. లేదంటే అక్కడ టీవీ పెట్టిస్తాను. గాలి, అలలు, నీళ్ల వేడి అంతా అదే చూపిస్తుంది.”

“చేపెక్కడుందో చూపిస్తుందా?”

“మీరు చూపించండి మరి,” అంది ఆమె. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఈ శనివారంతో కోహో సీజను సరి. ప్రభుత్వం ఇచ్చిన వాటా నిండిందని నిన్ననే కాగితం అంటించారు. అంటే ఈ రోజొక్కటే ఉంది. బల్ల పోతే గాలాలు కట్టే పని ఉంటుంది, హెర్రింగ్ తొట్టి ఉంటుంది. కానీ వాటి కోసమైతే అతను ముప్పై ఒక్క ఏళ్లు ఉండేవాడు కాదు. పొడిగాలి కావాలని సముద్రానికి దూరంగా స్పొకేన్ వెళ్లిపోయిన భార్య మార్లిస్ చివరిసారి అడిగింది, “ఆ బల్లని కూడా పట్టుకొస్తే వస్తావా?” అని. ఎగతాళిగానే అడిగింది. అతను నిజంగానే కాసేపు ఆలోచించాడు.

ఐదున్నరకల్లా జనం వచ్చారు. శనివారం కదా, పదిమందిలో నలుగురు బల్ల చదివారు. ఒరిన్ నీలం స్క్విడ్‌లు అందించాడు, తీగ ఎన్ని అడుగులు వదలాలో చెప్పాడు, బోటు వేగం తగ్గించమన్నాడు. ఊళ్లో కుళాయిలు బాగుచేసే డెల్మార్ ఇద్దరు తమ్ముళ్లతో వచ్చి ఆరు ప్యాకెట్లు పట్టుకుపోయాడు. ఇసుకమేట మీద అల మూడడుగులే ఉంది. గాలి లేదు. ఇంతకంటే మంచి రోజు దొరకదు.

పదకొండు దాటాక మొదటి బోటు తిరిగొచ్చింది. ఒరిన్ కిటికీలోంచి చూశాడు. చేపలున్న మనిషి నడక వేరు, చేతులు ఖాళీగా ఉన్నా ఆ నడక తెలిసిపోతుంది. వచ్చినవాళ్లు తలుపు తీయకుండానే కార్లెక్కారు. రెండో బోటువాళ్లకు రెండు నల్ల రాతిచేపలు. మూడోవాళ్లకు ఏడు కోహోలు పడ్డాయట, ఏడింటికీ రెక్క ఉందట.

ఒంటిగంటకు డెల్మార్ లోపలికి వచ్చాడు.

“ఒరిన్, ఆ డెబ్భై అడుగుల్లో ఏముందో తెలుసా?”

“ఏముంది?”

“నీళ్లు.”

అతని తమ్ముడు వెనకనుంచి, “నీలం స్క్విడ్‌లు అమ్ముడుపోక మిగిలాయేమో అన్నా, మనకి అంటగట్టాడు,” అన్నాడు.

ఒరిన్ చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం వినడం అతని వృత్తి, చెప్పడం కాదు. “ఉత్తరంగా ఎంత దూరం పోయారు? వేగం తగ్గించారా? తీగ ఏటవాలుగా ఉంటే డెబ్భై అడుగులు డెబ్భై కాదు,” అన్నాడు. తప్పు తనది కాదని చూపడానికి ఒక్కొక్క కారణమే వెతుక్కున్నాడు. డెల్మార్ మిగిలిన రెండు ప్యాకెట్లు గల్లా బల్ల మీద పెట్టి, “నీ దగ్గరే ఉంచు. వచ్చే ఏడు కూడా ఇవే రాద్దువుగాని,” అని పోయాడు. నవ్వుతూనే అన్నాడు. వాళ్లు బయటికెళ్లాక ఆ నవ్వు గట్టిగా వినబడింది.

రెండున్నర వరకూ అదే వరుస. లెనోరా గల్లా దగ్గర కూర్చుని చిల్లర లెక్కపెట్టింది. ఒరిన్ తుడిచిన అరనే మళ్లీ తుడిచాడు. నెల్స్ మీద కోపం వచ్చింది. ముసలాడు ఈసారి లెక్క మార్చాడా, మార్చేవాడు నాకో మాట చెప్తే పోయేదిగా అని లోపల లోపల తిట్టుకున్నాడు.

అప్పుడు ఇద్దరు ఆడవాళ్లు తలుపు తోసుకుని వచ్చారు. యాభై దాటినవాళ్లు, ముఖాలు ఎండకు కమిలి ఉన్నాయి. పెద్దావిడ చొక్కా ముందంతా చేప నెత్తురు, పొలుసులు.

“ఏమండీ, ఆ పెద్దాయన లేరా?” అంది.

“ఏ పెద్దాయన?”

“నిన్న సాయంత్రం ఇక్కడ నిలబడి మీకు చెప్తున్నాడే. మేం ఆ హెర్రింగ్ తొట్టి దగ్గర ఉన్నాం. మాది యాకిమా, ఆపిల్ తోటలు. సముద్రం మీదకి రావడం ఇదే మొదలు. ముగ్గురం మా మరిది బోటు మీద పోయాం. ఆయన చెప్పినట్టే చేశాం.”

“ఆయన చెప్పినట్టే?”

“దక్షిణం మూడు మైళ్లు, ముప్పై ఐదు అడుగులు, ఆకుపచ్చది. దారం కొలవడానికి ఏమీ లేకపోతే మా చెల్లెలు దర్జీ టేపు తీసింది. ముప్పై రెండంటే ముప్పై రెండే పెట్టాం.”

“తొమ్మిదిన్నరకే, మనిషికి ఉంచుకోనిచ్చే రెండు చొప్పున ఆరూ పడ్డాయి,” అంది చెల్లెలు. “అన్నిటికీ ఆ రెక్క కోసేసి ఉంది. చిగుళ్లు కూడా చూశాం, తెల్లగా ఉన్నాయి. అంటే కోహోనే కదండీ?”

“కోహోనే,” అన్నాడు ఒరిన్. తర్వాత అడక్కుండా ఉండలేకపోయాడు. “బయట బల్ల చూడలేదా?”

“చూశాం. కానీ సముద్రంలోంచి వచ్చినాయన మాట వినాలా, గోడ మీది రాత వినాలా అనుకున్నాం.” ఆవిడ తప్పు మాట్లాడానేమోనని ఒక్క క్షణం ఆగింది. “ఆయనకి ఒక చేప ఇచ్చి పోదామని.”

“ఇక్కడికి సాయంత్రం గాని రాడు.”

వాళ్లు మళ్లీ వస్తామని చెప్పి వెళ్లారు. లెనోరా లేచి వచ్చింది.

“నెల్స్ నిన్న మీకు చెప్పింది ఇదేనా?”

“ఇదే.”

“మరి మీరు వేరేగా ఎందుకు రాశారు?”

ఒరిన్ నోరు తెరిచాడు. ఇరవై ఆరేళ్ల తరుగు లెక్క అంతా గొంతుదాకా వచ్చింది. “నెల్స్ నిజం చెప్తాడని ఎవరనుకుంటారు అమ్మాయ్?”

“ఆ యాకిమా ఆవిడ అనుకుంది.”

ఒరిన్ తనే తడిగుడ్డ తీసుకుని బయటికెళ్లి ఏడు వరుసలూ తుడిచేశాడు. నెల్స్ చెప్పింది ఇప్పుడు రాసినా లాభం లేదని అతనికి తెలుసు. సాల్మన్ గుంపు ఒకచోట రెండు పగళ్లకు మించి నిలవదు. ఆ మాట విలువంతా ఈ ఉదయమే, అది పోయింది. తుడుస్తుంటే ఇంకోటి కూడా తట్టింది. అబద్ధం చెప్పేవాడు సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకెలు చెప్తాడు. ఎవరూ అడగని దారం పొడవు, అంగుళాలతో సహా, అబద్ధమాడేవాడికి ఎందుకు? సరుకు చూడగానే తూకం చెప్పగలిగిన మనిషి, చేతిలో పెట్టినదాన్ని చూసుకోలేదు.

“సోమవారం టీవీ బిగించేవాళ్లు వస్తారు,” అంది లెనోరా గుమ్మంలోంచి. “మీరూ కాస్త ఇంటికెళ్లండి ఈ పూట.”

అతను ఇంటికి పోలేదు. నెల్స్‌ను నిలబెట్టి అడగాలని మెట్లు దిగాడు. ఇరవై ఆరేళ్లు ఒక పద్ధతి నడిపి, చెప్పకుండా మార్చేస్తే ఎట్లా? కనీసం కన్నైనా గీటొద్దా? చెక్క వంతెన మీద ఒక్కొక్క మాటే పేర్చుకుంటూ నడిచాడు. నీళ్లు తగ్గుతున్నాయి. గుంజలకు పట్టిన నత్తగుల్లలు టపటపమని చప్పుడు చేస్తున్నాయి.

డీజిల్ పోసే వర్జిల్ గొట్టం చుట్టుకుంటూ తలెత్తాడు.

“నెల్స్ ఇంకా రాలేదా?” అన్నాడు ఒరిన్.

“వచ్చేదేంటి? ఇందాక పోటు నిలిచాక పోయాడుగా. దక్షిణానికి. బోటు అమ్మేశాడంట, కొన్నవాళ్లకి అప్పజెప్పడానికి తీసుకుపోయాడు.”

“ఎప్పుడు అమ్మాడు?”

“నాకేం తెలుసు. డీజిల్ నింపుకునేటప్పుడు చెప్పాడు నాక్కూడా. అట్నుంచి అటే చెల్లెలి దగ్గరికంట. ఇంక రానన్నాడు. నిన్నటిదే ఆఖరి ట్రిప్పంట, బోటెక్కినోళ్లకి కూడా చెప్పలేదు.”

ఆఖరి ట్రిప్పు అని ముందుగా అంటే అపశకునమని ఇక్కడి సరంగులెవరూ అనరు. అది ఒరిన్‌కూ తెలుసు. అతను వంతెన కమ్మీ పట్టుకున్నాడు.

“నాకేమైనా చెప్పమన్నాడా?”

“నేనే అడిగాను, ఒరిన్‌కి చెప్పి పోవా అని.” వర్జిల్ గొట్టం కొక్కేనికి తగిలించాడు. “ఒరిన్‌కి నిన్ననే చెప్పేశానన్నాడు.”

ఒరిన్ ఇంకో ఇరవై అడుగులు నడిచాడు. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. రెండు బోట్ల మధ్య నెల్స్ బోటు కట్టే చోట నీళ్లు వెడల్పుగా కనిపించాయి. అక్కడ ఒక బోటు ఇంత చోటు ఆక్రమించేదని అతను ఎప్పుడూ అనుకోలేదు. గుంజకు ఆనించి నెల్స్ డెక్కు తోమే పొడవాటి బ్రష్షు ఉంది. కుచ్చు ఎడమవైపే అరిగిపోయి, పిడి మీద చెయ్యి పట్టే రెండు చోట్ల రంగు పోయి చెక్క నున్నగా తేలి ఉంది, కుచ్చు కొసల నుంచి ఇంకా ఒక్కొక్క బొట్టే చెక్కల సందులోకి కారుతోంది.