గువ్వ చేతిలో గ్లాసు

వాన.

రేకుల మీద వాన. రేకుల కింద కుట్టు మిషను. రెండు చప్పుళ్ళూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి.

మూలన చాప మీద గువ్వ. ఏడేళ్ళ పిల్ల. మాట లేదు. నడక లేదు. కళ్ళు మాత్రం వాన వైపు.

మిషను ముందు తల్లి. ఎదురుగా స్టూలు మీద గొడవక్క.

గొడవక్క అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. ఇలాంటి పిల్లలకు సర్కారు ఇచ్చే సాయం ఎక్కడైనా ఆగితే ఆమెను పిలుస్తారు. వెళుతుంది. బల్ల గుద్దుతుంది. సాయం వస్తుంది. బల్ల గుద్దకుండా వచ్చిన సాయాన్ని ఆమె ఇంతవరకు చూడలేదు.

రేపు గువ్వకు పరీక్ష. కొన్నేళ్ళకోసారి పిల్లను డాక్టరు ముందు కూర్చోబెట్టాలి. ఇంకా అలాగే ఉందని చూపించాలి. బాగుపడిందని రాశాడా — సాయం ఆగుతుంది. సాయం ఆగితే థెరపీ ఆగుతుంది. థెరపీ ఆగితే...

బాగుపడటానికి ఇచ్చే సాయం. బాగుపడితే ఆగే సాయం. ఈ రూలు రాసినవాడు ఎప్పుడూ ఒక పిల్లకు అన్నం తినిపించి ఉండడు.

ఆ థెరపీతోనే పోయిన నెల గువ్వ గ్లాసు పట్టుకుంది.

రెండు చేతులతో. వణుకుతూ. పెదవి దాకా. సగం నీళ్ళు గౌను మీద, సగం గొంతులో. ఆ రోజంతా తల్లి మిషను ముట్టలేదు. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది.

"ఆ సంగతి రేపు నీ నోట రాకూడదు," అంది గొడవక్క.

"అదేంటక్కా. అంత కష్టపడి నేర్చుకుంది కదా పిల్ల."

"నేర్చుకుందనే సాయం కోసేస్తారు. అబద్ధం ఆడమనట్లేదు నిన్ను. పట్టుకున్నది ఒక్కసారి, పడేసింది ఎన్నిసార్లు? ఆ పడేసింది చెప్పు. ఇదిగో, నేనే డాక్టర్ని. నీ కూతురు తనంతట తాను ఏం చేసుకుంటుందమ్మా?"

తల్లి పాదం మిషను మీద ఆగిపోయింది.

"...ఏం చేసుకోలేదండీ."

"గట్టిగా. వాడికి చెవుడనుకో."

"ఏం చేసుకోలేదండీ."

"గ్లాసు చేతికిస్తే?"

"పడేస్తుందండీ."

"ఆ అండీలు తగ్గించు. వాడేం నీ వియ్యంకుడు కాదు."

తల్లి నవ్వింది. గొడవక్కా నవ్వింది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ.

ఏ ఇంటికి వెళ్ళినా ఆమె చేయించేది ఇదే. గొంతు తడబడకుండా వచ్చేదాకా తల్లుల చేత చెప్పించడం. లేకపోతే ఆ గదిలోకి వెళ్ళి గొప్పలు చెబుతారు — మావాడు నన్ను చూసి నవ్వుతాడండీ, మా పిల్లకు పాటంటే ప్రాణమండీ. గొప్పలకు సాయం రాదు.

ఏం చేసుకోలేదు.

ఏం చేసుకోలేదు.

పడేస్తుంది.

గువ్వ వాన వైపు చూడటం ఎప్పుడు మానేసిందో ఇద్దరూ గమనించలేదు.

తెల్లారింది. ముసురు వదల్లేదు. డాక్టరు గదిలో తడి గొడుగుల వాసన.

డాక్టరు కుర్రవాడు. కసిరే రకం కాదు. బల్ల గుద్దాల్సిన పనే రాలేదు. తల్లి అన్నీ సరిగ్గా చెప్పింది. తడబడలేదు.

అంతా విని ఆయన లేచాడు. గ్లాసులో కాసిని నీళ్ళు పోశాడు. గువ్వ ముందు వంగాడు.

"నీళ్ళు తాగుతావామ్మా?"

గొడవక్క లోలోపలే అంది. పట్టుకోకు తల్లీ... పట్టుకోకు.

పిల్ల చేతులు లేచాయి. గ్లాసు చుట్టూ వేళ్ళు బిగిశాయి. ఒక్క క్షణం — తల్లి ముఖం విచ్చుకోబోయింది.

గువ్వ తల్లి వైపు చూసింది.

వేళ్ళు విడిపోయాయి.

నేల మీద నీళ్ళు. డాక్టరు రాసేశాడు. సాయం కొనసాగుతుంది.

ఆస్పత్రి వసారాలో బెంచీ. బయట జల్లు. తల్లి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. "నీ చలవేనక్కా." సంచిలోంచి గ్లాసు తీసి నీళ్ళు పోసింది. "తాగవే గువ్వా."

గువ్వ చేతులు ఒళ్ళోంచి కదల్లేదు.

"పొద్దున కూడా ఇంతేనక్కా. మొన్నటిదాకా ఇవ్వగానే చేతులు చాపేది. జలుబు చేసిందేమో."

గొడవక్కకు నిన్నటి ఇల్లు గుర్తొచ్చింది.

చాప. స్టూలు. పడేస్తుంది, పడేస్తుంది. ఈ పిల్లలకు అన్నీ అర్థమవుతాయని ఆఫీసు ఆఫీసుకూ వెళ్ళి అరిచే మనిషి తను.

తల్లి చేతిలోంచి గ్లాసు తీసుకుంది. తడి నేల మీద మోకాళ్ళూనింది.

"నిన్న మేమన్నవి... అవి ఆయన కోసం అన్నాం తల్లీ. నీ గురించి కాదు. నువ్వు పట్టుకోగలవు."

గొంతు తగ్గించి చెప్పింది. ఆమె ఎవరి ముందూ తగ్గించని గొంతు. డాక్టరు గది తలుపు ఓరగా తెరిచి ఉంది మరి. ఒకసారి అటు చూసి, గ్లాసు ముందుకు చాపింది.

"ఎవరూ చూడట్లేదు. పట్టుకో."

గువ్వ తల తిప్పింది.

గ్లాసు వైపు కాదు. తలుపు వైపు.

గొడవక్క చేతిలో గ్లాసు చాపింది చాపినట్టే ఉండిపోయింది. వసారా అంచున వాన.